రైలు లేని ఊరి రాతిదోనె

ఇది రాసిపెట్టాలని పోయిన నెల దాక నాకు అనిపించలే. ఒకనాడు బంతి తోటకు నీళ్లు పారిచ్చి గట్టు మీద కూసున్న. నాలుగు బైకుల మీద కాలేజీ పిల్లలు వచ్చి మా దోనె కింద నిలబడి ఫోటోలు దిగుతున్నరు. వాళ్లల్ల ఒక పిల్లగాడు మిగిలినోళ్లకు వివరం చెప్తున్నడు: "ఇది వెంచరోళ్లు కట్టిన్రురా. లుక్కు కోసం. పాతదాని లెక్క కనపడాలని రాయికి నల్లరంగు కొట్టిన్రు."

లేచి పోయి చెప్తమనుకున్న. ఎక్కడికెల్లి మొదలుపెట్టాల్నో తెల్వక ఆగిన. ఆ ప్లాట్ల వెంచరోళ్లే దాన్ని కూలగొట్టబోయిండ్రని చెప్పాల్నా, దాని వయసు మా తాతల వయసు కంటె ఎక్కువని చెప్పాల్నా? నేను చెప్పులు తొడుక్కునేలోపల వాళ్లు వెళ్లిపోయిండ్రు. ఆ పిల్లగాడి తప్పేం లేదు. ఎవరూ రాయలేదు కాబట్టి వానికి ఎవరో చెప్పిందే నిజమైంది. నేను ఊకుంటే ఇంకో పదేండ్లకు ఆ మాట ఏదో ఒక పుస్తకంలోకి ఎక్కుతది. పుస్తకంలోకి ఎక్కిన మాటకు ఎంత బలముంటదో మా ఊర్లో నాకు తెలిసినంత ఎవరికీ తెల్వదు. అందుకే రాస్తున్న.

మాది మొయినాబాద్‌కు, చేవెళ్లకు నడుమ ఊరు. బస్సు దిగి ఎర్రమట్టి బాటలో అర్ధగంట నడవాలె. ఎగువన కుంట, దిగువన పొలాలు. కుంట తూములోంచి వచ్చే కాలువ కొంతదూరం పారినంక ఒక దగ్గర భూమి తెగిపోతది. ఇద్దరు మనుషుల లోతు, ఒక ఎడ్లబండి పట్టేటంత వెడల్పు గండి. గుట్ట దిక్కు నుంచి వచ్చి, ఒక్క వంకర లేకుండ, పట్నం దిక్కు పోతది. ఆ గండి మీదికెల్లి కాలువను దాటిచ్చేదే మా దోనె. కింద ఒక్కటే కమాను. పైన నల్లరాతి పలకలు అతికి చేసిన పొడుగు తొట్టి. నా చిన్నప్పటి అడుగులతో పద్దెనిమిది. ఇసువంటిదాన్ని ఇంజినీర్ల పుస్తకాల్లో అక్విడక్టు అంటరు. మా ఊర్లో మాత్రం రైలుదోనె అనే అంటరు.

రైలుదోనె అని ఎందుకన్నరో ఎవరికీ తెల్వదు. మాకు రైలు చూడాలంటే శంకర్‌పల్లి పోవాలె. పాతోళ్లు ఒకరిద్దరు "దాని కిందికెల్లి రైలు పోతుండెనట" అంటే, "కల్లు జర తక్కువ తాగు" అని నవ్వెటోళ్లు.

ఎండకాలం దోనె ఎండిపోయేది. ఊరంతా కాలిపోతున్నా ఆ తొట్టిలో పండుకుంటే వీపు చల్లగ ఉండేది. ఎండిన నాచు వాసన, మేకపెంట వాసన, దూరంగ ఎవరో కాల్చే మక్కకంకి వాసన. మేం నలుగురైదుగురం పిల్లలం లోపల బోర్ల పండుకొని ఈతపండ్లు తిని, కింద గండిలో పోయే బండ్ల మీదికి గింజలు ఊసెటోళ్లం. ఒకసారి నేను ఊసిన గింజ పోయి మా పెద్దబాపు రుమాలు మీద పడ్డది. పెద్దబాపు అంటే మా బాపుకు సొంత అన్న. ఆయన తల కూడ ఎత్తకుండ, "నాలుగు పండ్లు కిందికి ఇడువు. లేకుంటే మీ బాపుకు చెప్త" అన్నడు. నాలుగు కాదు, గుత్తి మొత్తం ఇడిసిన. తినుకుంట పోయిండు. మా పెద్దబాపు గట్లాంటోడు.

వానలు పడి కుంట నిండితే దోనె నీరటి తాతది అయితది. నీరటి అంటే ఊర్లో నీళ్లు ఇడిసేటోడు. తూము తీసుడు, మూసుడు, ఎవరి మడికి ఎంతసేపు పారాల్నో చూసుడు ఆయన పని. వాళ్ల తాత చేసిండు, నాయిన చేసిండు, ఈయన చేస్తున్నడు. నీళ్లు ఇడిసే నాలుగొద్దుల ముందుగాల సున్నంలో బెల్లం, కరక్కాయల నీళ్లు కలిపి రోట్లో దంచి, గోనెనార ముంచి తొట్టి అతుకుల్లో కూరేటోడు. ఆ దంచుడు కాడ మాకు బెల్లం ముక్కలు దొరికేవి. ఇప్పటికీ కరక్కాయ వాసన వస్తే నా నోట్లో బెల్లం రుచి వస్తది.

దోనె మూతికాడ నీళ్లకు అడ్డంగ ఒక చెక్క పలక ఉండేది. దాని పక్కన రాతికంబానికి గొలుసుతో మూరెడు ఇనుము వేలాడుతుండె. అది మాకు గంటమైసమ్మ. పసుపు, కుంకుమ, నూనె ఏండ్లకేండ్లు పూసి పూసి ఇనుము కనపడకుండ వేలు మందం గట్టిపడ్డది. మొదటి నీళ్లనాడు నీరటి తాత సలాకతో అమ్మను మూడుసార్లు కొట్టెటోడు. తర్వాత తొట్టి నడిమిట్లకు పోయి గుట్ట దిక్కు చూసెటోడు, పట్నం దిక్కు చూసెటోడు. ఆపైన గట్టు మీద కూసొని ఒక చుట్ట మొత్తం కాల్చి, అప్పుడు పలక ఎత్తెటోడు. ఊరంతా నీళ్ల కోసం నిలబడ్డా సరే, చుట్ట అయిపోవాల్సిందే.

"ఎందుకు తాత ఆగుడు?" అని అడిగిన ఒకసారి.

"కిందికెల్లి అమ్మ పోతది బిడ్డ. ఆమె దాటినంక ఇడవాలె. మీద ఒక్క చుక్క పడ్డా అమ్మ ఉడికిపోతది. మనుషుల్ని కాలుస్తది."

ఆ మాట నేను మామూలుగ విన్న. దేవతలు కోపానికొస్తే కాలుస్తరని అందరూ అంటరు.

నాకు పదహారేండ్లు వచ్చేసరికి మా దిక్కు మారిపోతుండె. పట్నంలో కంప్యూటర్ కంపెనీలు లేస్తున్నయి. ఆదివారం వచ్చిందంటే బాట మీద తెల్లకార్లు. దిగినోళ్లు చెప్పులు ఇడిసి మట్టిలో నిలబడి, చేతులు చాపి గాలి పీల్చి, ఎకరం ఎంత అని అడిగెటోళ్లు. కనకమామిడి దిక్కు ఫారంహౌస్ గోడలు లేచినయి. మొయినాబాద్‌లో కోస్తా నుంచి వచ్చిన ఉద్యోగాలోళ్లు కిరాయిలకు దిగిండ్రు. మా పెద్దబాపు తన పాలి భూమి అమ్మి సుమో కొన్నడు. రుమాలు పోయి నల్లద్దాలు వచ్చినయి. వెంచరోళ్లకు భూములు చూపెట్టేది ఆయనే.

మా బాపు తన భూమి అమ్మలే. బంతి, చామంతి వేసి పట్నం పూలమార్కెట్‌కు తోలెటోడు. బోరు ఎండిపోయింది. రెండేండ్లు కుంట నిండలే. ఆ రెండేండ్లు అమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసుతోనే ఇల్లు నడిపింది. మూడో ఏడు వాన బాగ కొట్టి కుంట అలుగు పారింది. తోట మొగ్గ మీద ఉన్నది. బతుకమ్మ పండుగకు ముందు రెండు తడులు పారితే ఆ ఏడు మేం గట్టెక్కుతం. పారకపోతే భూమి అమ్ముడే. బాపు పైకి అనలే కాని, అమ్మ పూలగంప అల్లుకుంటనే అనేసింది.

నేను ఆ ఏడు పదో తరగతి లెక్కల్లో తప్పిన. చేవెళ్లలో ట్యూషన్‌కు పోతున్నని చెప్పి గ్రంథాలయానికి పోయేదాన్ని. ఇది మా బాపుకు చాలా రోజులు తెల్వదు. ఆ గ్రంథాలయం రెండే అర్రలు. పాత కాగితం వాసన, పక్క హోటల్ నుంచి మిర్చీల వాసన. ఎడమ బీరువా పై అర నుంచి మొదలుపెట్టి వరుసగ చదివిన. కథలు, వైద్యం, కోళ్ల పెంపకం, గ్రహాలు, ఏదొస్తే అది. మూడో బీరువా సగం అయ్యేసరికి లైబ్రరీ సారు నన్ను చూసి, "నువ్వు చదువుతున్నవా, లెక్కవెడుతున్నవా?" అన్నడు. రెండూ అన్న.

తోట మొగ్గ మీద ఉన్న ఆ వారమే గండిలో ఎర్రరంగు, తెల్లరంగు కొట్టిన రాళ్లు పాతిండ్రు. వెంచర్ మేనేజర్, పెద్దబాపు కలిసి మా గట్టు మీదికి వచ్చిండ్రు.

"చూడండి, ఈ గండిని వెడల్పు చేస్తే మా లేఔట్‌లో నలభై అడుగుల రోడ్డు" అన్నడు మేనేజర్. "దీని మీది తొట్టి తీసేస్తాం. ఈ కాలువ గవర్నమెంట్ నక్షాలో లేదు. ఎవరో రైతు సొంతానికి కట్టుకున్నది."

"తొట్టి తీస్తే నీళ్లు ఎట్ల దాటుతయి?" అన్నడు బాపు.

"నీళ్లు దాటకపోతే నీ భూమికి రోడ్డు దాటుతది తమ్మీ" అన్నడు పెద్దబాపు. "ఇంక ఎన్నేండ్లు ఈ పూలు? రోడ్డు పడితే నీ దానికి కూడ రేటొస్తది."

"రేటొస్తది అన్నా. రేటు తిని ఎన్నొద్దులు బతకాలె?"

"నువ్వు గిట్లనే ఉండు. నీ బిడ్డ గిట్లనే బంతిపూలు మోస్తది."

నీరటి తాత పక్కనే ఉన్నడు. "సారు, దాని కిందికెల్లి రైలు పోతుండె. సర్కారు కట్టింది అది."

మేనేజర్ నవ్విండు. "రైలా? స్టేషన్ ఎక్కడ పెద్దాయనా? టికెట్ ఎక్కడిస్తారు?" పెద్దబాపు కూడ నవ్విండు. కాని ఆయన నవ్వు జర ముందుగాల ఆగిపోయింది.

బాపు మండల ఆఫీసులో అర్జీ పెట్టిండు. ఎమ్మార్వో మేడం సూటిగ చెప్పింది: కాలువ పాతదని, సర్కారు ఒప్పుకున్నదని చూపెట్టేది ఏదన్న ఉంటే పదిహేనొద్దులల్ల తెండి, నేను స్వయంగ వచ్చి చూస్త, ఏమీ లేకపోతే ఆపలేను. ఇంటికొచ్చే బస్సు దిగేటప్పుడు బాపు, "కాగితం అంటరు. మా నాయిన దగ్గర అంగీయే లేకుండె, కాగితం ఎక్కడిది" అన్నడు.

మరునాడు నేను లైబ్రరీ సారును అడిగిన. "సారు, మా ఊర్లో రైలు ఉండెనా?"

"మీ ఊర్లనా? రైలా?" అని నవ్వబోయి ఆగిండు. "పట్నానికి నీళ్లిచ్చే పెద్దచెరువు కట్ట చూసినవా? అంత రాయి, అంత సున్నం ఎట్ల మోసిండ్రో ఎప్పుడన్న ఆలోచించినవా?" అని మూలకున్న బీరువా తాళంచెవి నా చేతిలో పెట్టిండు. "ఎవరిదో నవాబు దేవిడి బంగ్ల ఖాళీ చేసిననాడు ఇవి బస్తాలల్ల వచ్చినయి. సగం ఉర్దూ, సగం ఇంగ్లీషు. చదివెటోడు లేడు, పారేసే ధైర్యం నాకు లేదు. ఎదుకు."

నాలుగొద్దులు ఎదికిన. ముక్కులో దుమ్ము, వేళ్లకు చెదపురుగుల పొడి. అయిదో నాడు అట్ట ఊడిన ఒక పొడుగు పుస్తకంలో గుడ్డకు అతికిన నక్షా మడతపెట్టి ఉన్నది. తెరిస్తే గుట్ట, కుంట. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదివిన. మా ఊరి పేరు. గుట్ట నుంచి ఒక గీత, దాని మీద చిన్న చిన్న అడ్డగీతలు. రైలుపట్టాలకు గీసే గీత అదేనని భూగోళం పుస్తకంలో చదివి ఉన్న. కాలువ గీత దాన్ని దాటేకాడ గోరంత కమాను బొమ్మ.

లోపలి ఇంగ్లీషు నాకు అందలే. అక్కడ సాయంత్రం ఒక ఆంటీ వారపత్రికలు చదివేది. కోస్తా ఆమె. భర్తది కంప్యూటర్ ఉద్యోగం, ఇల్లు మొయినాబాద్‌లో. ఆమె చేవెళ్లలో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేది. పోయి పుస్తకం ఆమె ముందర పెట్టిన.

ఆమె ముందు ఓపికగ, తర్వాత ఆత్రంగ చదివింది. "చూడమ్మా, ఇది చెరువు కట్ట పనుల రిపోర్టు. గుట్ట నుంచి రాయి, సున్నం మోయడానికి చిన్న రైలు వేశారట. దారి తవ్వితే మీ కాలువ తెగిపోతోంది. రైతులు ఎప్పటినుంచో వాడుకుంటున్న కాలువ కాబట్టి సర్కారు ఖర్చుతోనే రాతి తొట్టి కట్టి దాటించాలని రాశారు. కట్ట అయ్యాక పట్టాలు పీకేసినా తొట్టిని ముట్టుకోవద్దని కూడా ఉంది."

నేను కుర్చీ ముందుకు జరుపుకున్న. ఆమె పేజీ తిప్పింది.

"ఇదేదో తమాషాగా ఉంది. తొట్టి ఎండిపోయి ఉంటే మొదటి నీళ్లకి అతుకులు కారతాయట. కింద నుంచి కాల్చిన సున్నం బళ్లు వెళ్తుంటాయట. దాని మీద నీళ్లు పడితే..."

"ఉడికిపోతది ఆంటీ. సున్నం బట్టీ కాడ చూసిన."

"అదే. ఒకసారి మనుషులు కాలారట. అందుకని రూలు పెట్టారు. నీళ్లు వదిలేవాడు ముందు వేలాడదీసిన ఇనుము మూడుసార్లు కొట్టాలి. తొట్టి మధ్యకు వెళ్లి రెండు వైపులా చూడాలి. బండి దాటేంతసేపు ఆగాలి. అప్పుడు వదలాలి."

నేను లేచి నిలబడ్డ. మళ్ల కూసున్న. ఆమెకు నీరటి తాత సంగతి, దోనె తీసేస్తమన్న వెంచరోళ్ల సంగతి గబగబ చెప్పిన. ఆమె నక్షా మళ్లొకసారి చూసింది. తర్వాత మెల్లగ, "ఆ వెంచర్ పేరేంటమ్మా?" అన్నది. చెప్పిన.

"మేం అందులోనే ప్లాటు తీసుకున్నాం. మావారు పోయిన నెలే సంతకం పెట్టారు. నలభై అడుగుల రోడ్డు నుంచి రెండోది."

"ఆ రోడ్డు ఈ గండే ఆంటీ."

"అర్థమైంది" అని పుస్తకం మూసి, సంచి తీసుకొని బస్సుకు పోయింది.

రెండొద్దులు రాలే. ఇంక రాదనుకున్న. డిక్షనరీ ముందరేసుకొని ఒక్కొక్క మాట నేనే రాసుకున్న. మూడో నాడు వచ్చింది. సారుతో మాట్లాడి పుస్తకం పట్టుకపోయి జిరాక్సులు తీయిచ్చింది. పక్కన తెలుగులో తన చేతిరాతతో ప్రతి వాక్యం రాసింది. "ఇంట్లో పెద్ద గొడవే అయింది" అన్నది. "రోడ్డు కాస్త వంకర తిరిగితే స్టీరింగ్ తిప్పుకోవడం మీకు వచ్చు కదా అన్నాను. అన్నం తినకుండా పడుకున్నారు. పొద్దున లేచి తిన్నారులే."

కాగితాలు దొరికినయి కాని నాకు ఇంకో భయం పట్టుకున్నది. నీరటి తాతకు ఎట్ల చెప్పాలె? ఇన్నేండ్లు ఆయన చూసుకున్న అమ్మ ఒక సున్నం బండి అని.

పోయేసరికి రోట్లో కరక్కాయలు దంచుతున్నడు. అంతా చెప్పిన. దంచుడు ఆపలే.

"అంటే అమ్మ కాదంటవ్."

"సున్నం బండి తాత."

"బండి మీద మనుషులుండెనా?"

"ఉండిండ్రు. ఒకసారి కాలిండ్రట."

రోకలి ఆగింది. "అయితే మా తాత ఆ మనుషుల కోసం కొట్టిండు. ఎవలో ఏందో తెల్వని కూలోళ్లు కాలొద్దని. గది అమ్మ పని కాకపోతే ఇంకెవలి పని పిల్లా?" అని మళ్ల దంచిండు. కొంచెంసేపటికి, "ఆ బండి బందై ఎన్నేండ్లాయె?" అన్నడు.

"మీరు పుట్టకముందే అయ్యుండొచ్చు."

"ఏటేట ఒక చుట్ట ఊకెనే కాల్చిన్నా అయితే" అని నవ్విండు. దగ్గొచ్చేదాక నవ్విండు.

మేడం వచ్చిననాడు ఊరంతా దోనె కాడనే ఉన్నది. కుంట నీళ్లు పలక దాక వచ్చి నిలబడ్డయి. మేనేజర్ గండిలో తన ఎర్రరాళ్ల కాడ నిలబడ్డడు. పెద్దబాపు ఆయన పక్కన. నేను జిరాక్సులు రొమ్ముకు అదుముకొని బాపు పక్కన.

మేడం నక్షా చూసింది. తల ఊపింది. "మరి రైలు ఆనవాలు ఏదన్న ఉన్నదా?" అన్నది.

నీరటి తాత ఎవరితోటి ఏం చెప్పకుండ చింతపండు, బూడిద, కొబ్బరిపీచు తీసుకొని గంటమైసమ్మ కాడికి పోయిండు. తోముడు మొదలుపెట్టిండు. ఆడోళ్లు గొణిగిండ్రు. "ఏందయ్యా, అమ్మ పసుపు తీస్తవా?"

"తానం చేపిస్తున్న. నా తరంల ఒక్కనాడు చేపియ్యలే. జరగుండ్రి."

పసుపు పెచ్చులు పెచ్చులుగ ఊడింది. నీళ్లు పోస్తే లోపలి ఇనుము బయటపడ్డది. పైన గుండ్రని తల, నడుమ సన్నం, కింద చదును పాదం. రెండు బోల్టు రంధ్రాలు. శంకర్‌పల్లిలో చూసిన పట్టానే, దాని పిల్ల లెక్క చిన్నగ. జనంలో ఎవరో "పట్టానే రా" అన్నరు.

"మేడం, ఇలాంటి ముక్క పాత సామాన్ల కొట్టులో దొరుకుతుంది" అన్నడు మేనేజర్. "నక్షాలో కమాను బొమ్మ ఏ కమానో ఎవరికి తెలుసు?"

మేడం ఆలోచనలో పడ్డది. బాపు చెయ్యి నా భుజం మీద పడ్డది. అప్పుడు నేను ముందుకు పోయి ఆ రూలున్న కాగితం మేడం చేతిలో పెట్టిన. "మేడం, ఇది చదువుకుంట తాతను చూడుండ్రి. ఆయనకు అక్షరం రాదు."

తాత మూడుసార్లు కొట్టిండు. పసుపు పోయినంక ఆ ఇనుము ఖంగున మోగింది. ఆ మోత మేమెవ్వరం అంతకుముందు విననిది. నడిమిట్లకు పోయి గుట్ట దిక్కు చూసిండు, పట్నం దిక్కు చూసిండు. వచ్చి కూసొని చుట్ట ముట్టిచ్చిండు. మేడం కండ్లు కాగితం మీదికి, తాత మీదికి, మళ్ల కాగితం మీదికి పోతున్నయి.

"ఇప్పుడు ఈ బ్రేక్ ఎందుకు?" అన్నడు మేనేజర్. మేడం తెలుగు రాత గట్టిగ చదివి వినిపిచ్చింది. మేనేజర్ ముఖం మారింది కాని మాట ఆగలే. "ఈ అమ్మాయే నేర్పించి ఉంటుంది మేడం. పేపర్ దొరికాక."

నేర్పియ్యలేదని ఎట్ల చూపెట్టాలె? మేడం పెద్దబాపు దిక్కు తిరిగింది. "మీరు ఈ ఊరోళ్లే గద. ఈయన ఎప్పటికెల్లి గిట్ల చేస్తున్నడు?"

పెద్దబాపు నల్లద్దాలు తీసిండు. తుడిచిండు. మళ్ల పెట్టుకోలే. మా బాపు దిక్కు చూసిండు, బాపు నేల చూపులు చూస్తున్నడు.

"ఈయన కాదు మేడం" అన్నడు పెద్దబాపు. "వీళ్ల నాయిన నుంచి చూస్తున్న. నేను, నా తమ్ముడు ఆ తొట్ల కూసొని చూసెటోళ్లం. నాకు పదేండ్లప్పుడు, 'చుట్ట తర్వాత కాల్చుకో, నీళ్లు ఇడువు' అని లొల్లి వెట్టిన. ముసలోడు చెంప మీద ఒక్కటి సరిచిండు. గిప్పటికి యాది ఉన్నది."

"అన్నా, మీరు మా వైపు..." అన్నడు మేనేజర్.

"మీ దిక్కే ఉన్న. మేడం అడిగింది, జరిగింది చెప్పిన."

నాకు ఎక్కడి ధైర్యమొచ్చిందో, "మేడం, ఇది సర్కారు ఒప్పుకున్న కాలువ కాకపోతే, సర్కారు తన రైలు మీద దీనికి వంతెన ఎందుకు కడ్తది?" అన్న.

మేడం నవ్వింది. "ఈ ముక్క నేను రాసుకుంటున్న" అన్నది. అక్కడనే సుమో బానెట్ మీద కాగితం పెట్టి పంచనామా రాసింది. కాలువ పాతది, సర్కారు గుర్తించినది, తొట్టిని ముట్టొద్దు, రోడ్డు వేరే దిక్కు తిప్పుకోవాలె.

తాత చుట్ట అప్పుడే అయిపోయింది. పలక ఎత్తిండు. రెండేండ్ల తర్వాత దోనెలో నీళ్లు ఉరికినయి. ఎండిన అతుకులు ముందు కారినయి, ఎప్పటిలెక్కనే. కింద నిలబడ్డ మేనేజర్ తెల్ల అంగీ మీద టపటప పడ్డయి.

"మూడుసార్లు కొట్టిన గద సారు" అన్నడు తాత పైకెల్లి. "పక్కకు జరగాలె."

ఊరు ఊరంతా నవ్వింది. ఆ నవ్వులో పెద్దబాపు గొంతు నాకు వేరుగ వినపడ్డది.

ఆ ఏడు మా బంతి విరగబూసింది. బతుకమ్మకు ముందు మూడొద్దులు మా ఇల్లంతా పూల వాసనతో తల తిరిగింది. అమ్మ అరిసెలు చేసి మొదటివి నీరటి తాతకు పంపింది. నేను లెక్కలు మళ్ల రాసి పాసైన. ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఎకరాలకెకరాలు ఇండ్లే. ఎడ్లబండ్లు లేవు, కుంట సగానికి చిక్కిపోయింది, కరక్కాయలు దంచేటోడు లేడు; అతుకులకు సిమెంటు పెడుతున్నం. వెంచర్ రోడ్డు మాత్రం దోనె కాడికి రాంగనే పక్కకు తిరిగి పోతది. కొత్తగ వచ్చినోళ్లు ఆ వంకర ఎందుకని అడుగుతరు. కాలువ కింద ఇప్పటికీ ఆరు తోటలు పచ్చగ ఉన్నయి. అందులో ఒకటి నాది.

ఇంక పేర్లు. నీరటి సాయన్న తాత, మీరు ఆగిన ప్రతి చుట్టకూ మా ఊరు మీకు రుణపడ్డది. లైబ్రరీ నరహరి సారు, పారేసే ధైర్యం లేనందుకు దండం. విజయలక్ష్మి ఆంటీ, మీ చేతిరాత కాగితాలు ఇప్పటికీ నా పెట్టెలో ఉన్నయి. అంకుల్‌కు కూడ నమస్కారం, పొద్దున లేచి అన్నం తిన్నందుకు. మా పెద్దబాపు మల్లయ్య, ఆనాడు నిజం చెప్పి వెంచరోళ్ల దగ్గర మీరు పోగొట్టుకున్నది నాకు తెలుసు. మా అమ్మ అంజమ్మ, ట్యూషన్ సంగతి నీకు మొదటి రోజే తెలిసినా బాపుకు చెప్పలే. మేడం పేరు రాయను, ఆమె ఒప్పుకోదు.

చివరికి మా బాపు కిష్టయ్య. పంచనామా కింద సాక్షుల సంతకాలు కావాలంటే ఊరి పెద్దలు ముగ్గురు ముందుకొచ్చిండ్రు, నాలుగో చోటు అర్జీదారుగ బాపుది. బాపు పెన్ను పట్టుకొని మేడంతో అన్నడు: "నా పేరు కొట్టేయుండ్రి మేడం. దీన్ని పట్టుకొచ్చింది నా బిడ్డ. ఆమె పేరు రాయుండ్రి." ఆడపిల్ల, చిన్నది అని ఎవరో అన్నరు. బాపు పెన్ను నా చేతిలో పెట్టి పక్కకు జరిగిండు. నేను నా పేరు తెలుగులో, ఒక్క అక్షరం కూడ వంకర పోకుండ రాసిన. అది సర్కారు కాగితంలో ఉన్నది, మళ్ల ఇక్కడ రాయాల్సిన పని లేదు.